చక్కెర, సత్తువ, సుబ్బారావుగారు

ఆ మధ్య ఒక ఆదివారం సాయంత్రం పుంగ్గోల్‌లో మా బ్లాకు కింది వాయిడ్ డెక్‌లో పది పన్నెండు తెలుగు కుటుంబాల వాళ్లం కలిసి భోజనాలు చేశాము. పులిహోర, పెరుగన్నం అయ్యాక మాటలు పిల్లల చదువుల మీదికి మళ్లాయి. జూనియర్ కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి, జీవకణం చక్కెరను విరగ్గొట్టి శక్తిని ఎలా రాబట్టుకుంటుందో ఆ మెట్లన్నీ వల్లె వెయ్యలేక తల ప్రాణం తోకకి వస్తోందని చెప్పుకుంది. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉన్న ఒక పెద్దాయన వెంటనే అందుకుని, "ఆ ఏ.టి.పి.ని కనిపెట్టింది మన భీమవరం వాడేనమ్మా, యల్లాప్రగడ సుబ్బారావు. తెల్లవాళ్లు నోబెల్ బహుమానం ఎగ్గొట్టారు గాని!" అన్నారు. ఆ అమ్మాయి అక్కడికక్కడే ఫోను తీసి చూసి, "కాదు తాతగారూ, జర్మనీ ఆయనెవరో లోమన్ అని ఉంది" అంది. ఆ తరవాత వాళ్ల అమ్మ వైపు తిరిగి, "మనవాళ్లు అన్నీ మనమే కనిపెట్టామంటారు" అని గొంతు తగ్గించి అంది. ఆ మాట మా చెవిన పడింది.

వైద్యులు కదా, మీరు తీర్పు చెప్పండి అన్నారు అందరూ. నిజం చెప్పాలంటే ఆ పూట మేము సరైన సమాధానం చెప్పలేకపోయాము. వైద్య కళాశాలలో ఏ.టి.పి. గురించి చదివి పరీక్షలు గట్టెక్కామే గాని, అది ఎవరి చేతిలో ఎలా బయటపడిందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు కూర్చుని చదివాము. చదివినది మన పత్రిక పాఠకులతో పంచుకుంటే బాగుంటుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాము.

ముందు అసలు ప్రశ్న ఏమిటో చూద్దాం. తియ్యటి పదార్థం తింటే సత్తువ వస్తుందని తెలియని వారు లేరు. నీరసపడిన పిల్లవాడికి బెల్లం పానకం ఇచ్చిన అమ్మమ్మకీ తెలుసు, గ్లూకోజు సీసా ఎక్కించే డాక్టరుకీ తెలుసు. తెలియనిది మధ్యలో జరిగే సంగతి. చక్కెరను నిప్పులో వేస్తే భగ్గున మండి, వేడి అంతా గాలిలో కలిసిపోతుంది. అదే చక్కెర ఒంట్లో మంట లేకుండా, పొగ లేకుండా, కొంచెం కొంచెంగా ఖర్చవుతూ గుండెను కొట్టిస్తుంది, కాలును కదిలిస్తుంది. ఈ మార్పిడి ఎలా జరుగుతుంది?

దీనికి మొదటి ఆధారం కండలో కాదు, కల్లుకుండలో దొరికింది. చక్కెర ద్రవం పులిసి సారా అయ్యేది ఈస్టు అనే సూక్ష్మజీవి వల్లనని, బతికున్న కణం లేనిదే పులియడం ఉండదని 19వ శతాబ్దపు మధ్యలో ఫ్రాన్సులో పాస్చర్ వాదించాడు. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్టును ఇసుకతో కలిపి నూరి, పిండి, రసం తీశాడు. ఆ రసం చెడిపోకుండా ఉండాలని అందులో చక్కెర వేశాడు, మనం ఊరగాయలో ఉప్పు వేసినట్టు. రసం బుడబుడమని పొంగింది! ఒక్క బతికున్న కణం కూడా లేని రసంలో చక్కెర పులిసింది. అంటే ఆ పని చేసేది ప్రాణం అనే పట్టుబడని శక్తి కాదు, గాజు గొట్టంలో పట్టి పరీక్షించగలిగిన రసాయనాలు. ఇందుకు ఆయనకి 1907లో నోబెల్ బహుమానం వచ్చింది.

మరి కొన్నేళ్లకి, 1905–06 ప్రాంతంలో, లండన్‌లో హార్డెన్, యంగ్ అనే ఇద్దరు మరో చిత్రం గమనించారు. ఈస్టు రసంలో పులియడం మందగించినప్పుడు కొంచెం ఫాస్ఫేటు, అనగా భాస్వరపు లవణం, వేస్తే మళ్లీ జోరందుకుంటుంది. కాసేపటికి ఆ ఫాస్ఫేటు కనబడకుండా పోతుంది. చూడగా అది చక్కెరకి అతుక్కుని ఉంటుంది. చక్కెర విరగడానికి భాస్వరంతో ఏం పని? ఇది చాలాకాలం విడని ముడిగా ఉండిపోయింది.

ఇక కండ సంగతి. 1907లో కేంబ్రిడ్జిలో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే వాళ్లు కప్ప కండను తీసి పరీక్షించి, ప్రాణవాయువు అందకుండా పని చేసిన కండలో లాక్టిక్ ఆమ్లం పోగవుతుందని, ప్రాణవాయువు అందగానే అది తగ్గిపోతుందని చూపారు. పెరుగును పుల్లబరిచేదీ ఈ ఆమ్లమే. ఆ దారిన ముందుకి వెళ్లి, కండలో నిలవ ఉన్న చక్కెరే ఈ ఆమ్లంగా మారుతోందని జర్మనీలో ఆటో మాయర్‌హాఫ్, అప్పుడు పుట్టే వేడి లెక్కను ఇంగ్లండులో ఏ.వి. హిల్ తేల్చారు. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం వీరిద్దరికీ దక్కింది. కండ ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే కారణమని ఆనాటి పండితులు నమ్మారు. చిక్కుముడి విడిపోయినట్టే అనుకున్నారు.

సరిగ్గా ఆ 1922లోనే, అక్టోబరు నెలలో, ఇరవయ్యేడేళ్ల తెలుగు డాక్టరు ఒకాయన బోస్టన్ రేవులో ఓడ దిగాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడో ఏట కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు వదిలితే తల్లి వెంకమ్మగారు వెనక్కి పట్టుకొచ్చారు. మెట్రిక్యులేషను మూడో ప్రయత్నానికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరి, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక తెల్లదొర ఆచార్యుడికి గిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్.కి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో పోయారు. తనకీ అది సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యం కాపాడింది. ఆ తరవాత మద్రాసులో వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తీసుకుని, భార్య శేషగిరిగారిని ఇంటి దగ్గర వదిలి, హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల చదువుకి వెళ్లారు. బోస్టన్‌లో ఆయన డాక్టరు పట్టాకి విలువ లేకపోయింది. రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి పొట్ట పోసుకున్నారు.

ఆ చదువయ్యాక హార్వర్డులోనే జీవరసాయన శాఖలో చేరి, సైరస్ ఫిస్క్ అనే ఆయన కింద పని మొదలుపెట్టారు. అప్పగించిన పని చూడబోతే చాలా సాదాది. రక్తంలో, మూత్రంలో, కండలో ఫాస్ఫేటు ఎంతుందో త్వరగా, తప్పు లేకుండా కొలిచే పద్ధతి కావాలి. పద్ధతి ఇలా కుదిరింది: ద్రవంలో మాలిబ్డిక్ ఆమ్లం కలిపితే అది ఫాస్ఫేటుతో జత కడుతుంది, దానికి మరొక రసాయనం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఉంటే రంగు అంత చిక్కన. రంగు పోల్చి చూసి లెక్క కట్టడమే. 1925లో అచ్చయిన ఈ ఫిస్క్–సుబ్బారావు పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ఆసుపత్రి ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. ఆ శాస్త్రపత్రం, తరవాతి శాస్త్రజ్ఞులు అత్యధికంగా పేర్కొన్న పత్రాలలో ఒకటి.

ఇక్కడే అసలు కథ మొదలయింది. ఆ పద్ధతిని కండ రసం మీద ప్రయోగించినప్పుడు ఒక తిరకాసు వచ్చింది. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో నీలిరంగు చప్పున తేలుతుంది. కండ రసంలో మాత్రం కొంత రంగు వచ్చాక, మిగతాది ఆలస్యంగా, కొద్దికొద్దిగా చిక్కబడుతూ వచ్చింది. కొలిచే వాడికి ఇది చిరాకు పుట్టించే సంగతి. ఏ క్షణాన చూసిన రంగును లెక్కలోకి తీసుకోవాలి? మరొకరయితే, కండలో ఇంకేదో మలినం రంగుకి అడ్డుపడుతోందని సరిపెట్టుకుని, రంగు పూర్తిగా తేలేదాకా ఆగి, అంకె రాసుకుని వెళ్లిపోయి ఉండేవారు.

వీరు అలా వదిలిపెట్టలేదు. ఫాస్ఫేటు ఆలస్యంగా బయటపడుతోందంటే, అంతకు ముందు అది దేనికో కట్టుబడి ఉండాలి. ఆ కట్టు ఎంత బలహీనమైనదంటే, పరీక్షలో వాడే ఆమ్లం తగిలేసరికి కాసేపట్లో ఊడిపోతోంది. అందుకే అంతవరకూ అందరూ దాన్ని కండలో విడిగా ఉన్న ఫాస్ఫేటనే లెక్క వేశారు. కట్టు విప్పి చూస్తే ఫాస్ఫేటుతో జత కట్టి ఉన్నది క్రియాటిన్, కండలో ఉంటుందని ఎప్పటినుంచో తెలిసి, అదెందుకో తెలియని పదార్థం. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. పిల్లి కండను విద్యుత్తుతో పని చేయిస్తే ఈ పదార్థం తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్లీ చేరుతుంది అని కూడా చూపారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా విడిగా ఈ పదార్థం జాడ పట్టుకుని ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు; అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చిన వారు మాత్రం ఫిస్క్, సుబ్బారావులు.

ఆ అన్వేషణలోనే కండ రసంలో మరో భాస్వర పదార్థం దొరికింది. అందులో ఎడినీన్ అనే నత్రజని పదార్థం, దానికి ఒక చక్కెర, ఆ చక్కెరకి వరసగా మూడు ఫాస్ఫేటులు. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏ.టి.పి. వీరి పత్రం 1929 అక్టోబరులో అచ్చయింది. అయితే, పెద్దలు మన్నించాలి, ఆ ఏడాది ఆగస్టులోనే మాయర్‌హాఫ్ పరిశోధనశాలలో పని చేస్తున్న కార్ల్ లోమన్ అదే పదార్థం గురించి జర్మన్ పత్రికలో ప్రకటించాడు. రెండు నెలల తేడా. ఒకరిది చూసి ఒకరు చేసినది కాదు. సముద్రానికి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు, వేరు వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరారు.

దొరికిన మరుక్షణాన దాని విలువ ఎవరికీ తెలియలేదు. 1930లో కోపెన్‌హేగెన్‌లో లుండ్స్‌గార్డ్ అనే ఆయన కప్ప కండకి అయొడోఅసిటిక్ ఆమ్లమనే విషం పట్టించాడు. ఆ కండలో లాక్టిక్ ఆమ్లం ఒక్క చుక్క తయారు కాలేదు. అయినా కండ కొంతసేపు శుభ్రంగా ముడుచుకుంది! ముడుచుకున్న కొద్దీ ఫాస్ఫోక్రియాటిన్ తరిగింది. అంతటితో లాక్టిక్ ఆమ్లమే కండను కదిలిస్తుందన్న సిద్ధాంతం కూలిపోయింది. దాన్ని కట్టిన వారిలో ఒకరైన హిల్ 1932లో కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని తానే వ్యాసం రాశాడు. పెద్దమనిషి అంటే అలా ఉండాలి. 1934లో లోమన్ మరో ముడి విప్పాడు: ఫాస్ఫోక్రియాటిన్ నేరుగా ఖర్చు కాదు, ఖర్చయ్యేది ఏ.టి.పి., దాన్ని వెంటనే భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్. 1941లో లిప్‌మన్ ఈ సంగతులన్నీ ఒక చోట చేర్చి, జీవకణాలన్నిటికీ శక్తి మారకం ఫాస్ఫేటు బంధాల ద్వారానే అని వివరించాడు. హార్డెన్, యంగ్‌ల నాటి ప్రశ్నకి అప్పటికి జవాబు దొరికింది. చక్కెర విరిగేది ఏ.టి.పి.ని తయారుచెయ్యడానికి, ఆ తయారీకి ఫాస్ఫేటు కావాలి.

ఆ అమ్మాయి వల్లె వేస్తున్న మెట్లు ఇవే. ఎంబ్డెన్, మాయర్‌హాఫ్, పార్నాస్ మొదలైన వాళ్లు 1930లలో పేర్చిన పది మెట్లలో ఒక గ్లూకోజు అణువు రెండు ముక్కలవుతుంది. మొదట రెండు ఏ.టి.పి.లు పెట్టుబడి పెట్టాలి, చివర నాలుగు చేతికి వస్తాయి; నికరం రెండు. విత్తనాల ఖర్చు పోను మిగిలిన పంట అన్నమాట. ప్రాణవాయువు లేకపోతే కథ అంతటితో లాక్టిక్ ఆమ్లం దగ్గర ఆగుతుంది. మన ఎర్ర రక్తకణాలు జీవితాంతం ఈ రెంటితోనే కాలక్షేపం చేస్తాయి. ప్రాణవాయువు ఉంటే, 1937లో క్రెబ్స్ కనుగొన్న చక్రం గుండా, ఆ తరవాతి మెట్ల గుండా వెళ్లి మొత్తం మీద ముప్ఫై దాకా ఏ.టి.పి.లు గిట్టుతాయి.

గ్లూకోజు పెద్ద నోటు అనుకోండి. కోపిటియాంలో కాఫీకి పెద్ద నోటు ఇస్తే చిల్లర లేదంటారు. కణంలో ఏ పనికైనా చెల్లేది ఏ.టి.పి. అనే చిల్లరే. ఒంట్లో ఏ క్షణాన చూసినా ఈ చిల్లర మహా అయితే పావు కిలో ఉంటుంది. కాని ఖర్చవుతూ మళ్లీ తయారవుతూ రోజు మొత్తానికి మన బరువుకి దగ్గరగా చేతులు మారుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ అత్యవసరానికి పక్కన కట్టి పెట్టిన చిల్లర మూట. ఆఫీసుకి వేళ మించిపోయి, మన పుంగ్గోల్ ఎల్.ఆర్.టి. తలుపులు మూసుకునే లోపల ప్లాట్‌ఫారం మీద పరుగెత్తామనుకోండి. కండలో ఉన్న ఏ.టి.పి. రెండు మూడు సెకన్లకి సరి. తరవాత పది సెకన్ల దాకా ఎక్కువగా ఆదుకునేది సుబ్బారావుగారి ఫాస్ఫోక్రియాటిన్. ఆపైన చక్కెర విరగడం అందుకుంటుంది. వాటర్‌వే వెంట తీరిగ్గా నడిచే వారిని నడిపించేది ప్రాణవాయువు దారి.

ఇక తీర్పు సంగతి. సుబ్బారావుగారు ఒక్కరే ఏ.టి.పి.ని కనిపెట్టారనడం నిజం కాదు. లోమన్ రెండు నెలలు ముందు ప్రకటించాడు. హార్వర్డు పనిలో ఫిస్క్ పేరు కూడా ఉంది, అదే ముందు ఉంది. నోబెల్ ఆయనకి ఎగ్గొట్టారనడం కూడా అంత తేలిక కాదు. లోమన్‌కీ రాలేదు, ఫిస్క్‌కీ రాలేదు. ఈ రంగానికి క్రెబ్స్, లిప్‌మన్‌లకి నోబెల్ వచ్చిన 1953 నాటికి సుబ్బారావుగారు బతికి లేరు. పోయిన వారికి ఆ బహుమానం ఇవ్వరు.

అలాగని ఆయనకి అన్యాయం జరగలేదనీ అనలేము. 1930లో హార్వర్డు డాక్టరేటు వచ్చినా, తగిన స్థిరమైన ఉద్యోగం అక్కడ దక్కలేదు. అదే ప్రయోగశాలలో విద్యార్థిగా ఉండి, 1988లో తానే నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడనివ్వలేదని, వాటిని ఇతరులు ఏళ్ల తరవాత మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందని చెప్పారు. 1940లో సుబ్బారావుగారు హార్వర్డు వదిలి న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనకి వెళ్లారు. ఆయన నడిపిన బృందాల నుంచే 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీ, 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాన్, 1948లో ఆరియోమైసిన్ వచ్చాయి. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకి ఆ ఫోలిక్ ఆమ్లం మందుగా పనికి వచ్చింది. 1948 ఆగస్టులో, యాభై మూడో ఏట, ఆయన గుండెపోటుతో నిద్రలోనే పోయారు. 1995లో, శత జయంతికి, భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

ఇరవయ్యారేళ్లలో ఆయన ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. శేషగిరిగారు భర్తను మళ్లీ చూడలేదు. నాలుగున్నర గంటల్లో హైదరాబాదులో దిగగలిగి కూడా, సెలవు లేదనీ పిల్లల పరీక్షలనీ వాయిదాలు వేసే మాబోటి వాళ్లం దీని గురించి ఇంకేమీ అనకుండా ఊరుకోవడమే మర్యాద. కాని ఆయన కీర్తిని చెప్పేటప్పుడు ఆవిడ పేరు కూడా చెప్పాలని మా మనవి.

కిందటి నెల మళ్లీ కలిసినప్పుడు ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాము. లోమన్ సంగతి ముందు చెప్పాము. ఆవిడ అన్నది తప్పు కాదని ఒప్పుకున్నాము. ఆ తరవాత రంగు ఆలస్యమైన కథ చెప్పాము. అది శ్రద్ధగా విని, "మా ల్యాబులో రంగు సరిగ్గా రాకపోతే మళ్లీ చేసుకు రమ్మంటారు, ఎందుకు రాలేదో అడగరు" అంది. పెద్దాయన అక్కడే ఉన్నారు. కాసేపు ఊరుకుని, "ఆ జర్మనీ ఆయన పేరు మళ్లీ ఒకసారి చెప్పమ్మా" అని అడిగి, చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు.

పాఠక మిత్రులకి మేము చెప్పదలచినది ఇంతే. మన పిల్లలకి సుబ్బారావుగారి గురించి తప్పకుండా చెప్పండి. చెప్పేటప్పుడు సంవత్సరాలతో సహా చెప్పండి, లోమన్ పేరు, ఫిస్క్ పేరు కూడా కలిపి చెప్పండి. వాళ్లు ఎలాగూ ఫోను తీసి చూస్తారు. చూసినప్పుడు మనం చెప్పినదే అక్కడా కనబడితే, తరవాత మనం చెప్పబోయేది కూడా వింటారు.